ఉస్తాద్ వద్దన్న బరువులు

“రాడ్డు ముట్టినవంటే చేతులు బిగుసుకపోతయ్ బిడ్డా, పంచ్ నడుమల్నే ఆగిపోతది” అని మా ఉస్తాద్ వారానికి ఒకసారైనా అనేవారు. 2001లో నేను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతూ, మూసీకి దగ్గరలో ఉన్న ఒక రేకుల షెడ్డులో సాయంత్రాలు బాక్సింగ్ నేర్చుకునేవాణ్ణి. ఆ షెడ్డులో ఒక మూలన తుప్పు పట్టిన బార్‌బెల్, నాలుగు ఇనుప ప్లేట్లు ఉండేవి. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి తప్ప అవి ఇంకెందుకూ కదిలేవి కావు. అయితే ఇదే ఉస్తాద్ ప్రతి శనివారమూ మమ్మల్ని జతలుగా నిలబెట్టి, ఒకరి వీపు మీద ఇంకొకరిని ఎక్కించి, పది సార్లు మెట్లు ఎక్కించి దించేవారు. నా వీపు మీదికి వచ్చే మిత్రుడు 63 కిలోలు తూగేవాడు, నేను 60. నా ఒంటి బరువును మించిన బరువు మోస్తూ మెట్లెక్కుతున్నానని, అది కూడా బరువులెత్తడమేనని అప్పుడు నాకూ తోచలేదు, ఆయనకూ తోచలేదు. ఇనుప బరువు పాపమూ, మనిషి బరువు సాధనా అన్నట్టుగా ఉండేది మా లెక్క.

ఆ నిషేధాన్ని నేను 2003లో దొంగచాటుగా ఉల్లంఘించాను. ఇంటికి దగ్గరలో కొత్తగా తెరిచిన ఒక జిమ్‌లో చేరి, అక్కడి శిక్షకుడు చెప్పినట్టే సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం చేతులు అంటూ ఒక్కో కండరాన్ని విడదీసి, ప్రతి కదలికనూ పన్నెండు పదిహేను సార్లు, అద్దంలో చూసుకుంటూ చేశాను. రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను. అద్దంలో ఎంతో బాగా కనిపించాను. కానీ 60 కిలోల విభాగానికి దిగలేక 64 కిలోల విభాగంలో పోటీ చేయవలసి వచ్చింది; అక్కడ నాకంటే అరచేయంత ఎక్కువ పొడవున్న ప్రత్యర్థి ఎదురయ్యాడు; రెండో రౌండు సగానికి వచ్చేసరికి నా చేతులు తడిసిన గోనెసంచుల్లా అయిపోయాయి. పైగా బల్ల మీద పడుకుని రాడ్డును పైకి నెట్టే బెంచ్ ప్రెస్ అతిగా చేసినందువల్ల కుడి భుజం ముందుభాగంలో మొదలైన నొప్పి ఏడాదిన్నర పాటు వదలలేదు. ఉస్తాద్ పెద్దగా తిట్టలేదు. “చెప్పిన గదా” అని మాత్రం అన్నారు. ఆయన చెప్పింది నిజమేనని నేను దాదాపు పదేళ్లు నమ్మాను.

ఇప్పుడు నేను ఉద్యోగం అయిపోయాక సాయంత్రాలు ఒక బస్తీలో ఇరవై మంది పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాను. ఈ పనిలోకి వచ్చాకే నా తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. తప్పు బరువులది కాదు. దేహ సౌష్ఠవ పోటీకి పనికివచ్చే పద్ధతిని తెచ్చి బాక్సర్ ఒంటికి అతికించడం తప్పు. ఈ నగరంలో నేడు రెండు రకాల పొరపాట్లూ పక్కపక్కనే నడుస్తున్నాయి. పాతబస్తీ తాలీంఖానాల (పాతకాలపు వ్యాయామశాలల) నీడలో పెరిగిన పెద్దలు ఇప్పటికీ రాడ్డు వద్దంటారు. మాదాపూర్, కొండాపూర్ వైపు జిమ్‌లలో ‘బాక్సింగ్ ఫిట్‌నెస్’ పేరుతో రెండేసి కిలోల డంబెల్స్ చేతికిచ్చి గాలిలో పంచ్‌లు విసిరిస్తూ, చెమట కారినంతసేపూ అదే కండిషనింగ్ అంటారు. మొదటివారు బరువులకు భయపడుతున్నారు, రెండోవారు బరువులను దమ్ము కోసం వాడుతున్నారు. నా వాదన ఏమిటంటే, బాక్సర్‌కు బరువులు తప్పకుండా కావాలి, కానీ అవి బలానికి మాత్రమే కావాలి. దమ్మును రోడ్డు మీదా రింగులోనూ సంపాదించుకోవాలి. ఈ రెండింటినీ ఒకే గిన్నెలో కలిపి వండితే రెండూ ఉడకవు.

ముందు పంచ్ ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. 1985లో వెలువడిన ఒక సోవియట్ పరిశీలన కుడిచేతి స్ట్రెయిట్ పంచ్‌లో ఏ భాగం వాటా ఎంత అని లెక్కగట్టింది. ఉన్నత శ్రేణి బాక్సర్లలో కాళ్ల తోపు దాదాపు 38 శాతం, మొండెం తిరగడం 37 శాతం, చేయి చాచడం 24 శాతం ఉన్నాయి. కొత్తగా నేర్చుకుంటున్నవారిలో చేతి వాటా దాదాపు 38 శాతానికి పెరిగి, కాళ్ల వాటా 16 శాతం దగ్గరే ఆగిపోయింది. మొదటిసారి ఈ అంకెలు చదివినప్పుడు నాకు జిమ్‌లో గడిపిన ఆ రెండు నెలలూ గుర్తొచ్చి సిగ్గనిపించింది; ఛాతీకీ చేతులకూ వారంలో నాలుగు రోజులిచ్చి, కాళ్లకు ఒక్కరోజు, అదీ చాలాసార్లు ఎగ్గొట్టిన రోజు, ఇచ్చాను. అంటే నేను కొత్తవాడి పంచ్‌నే మరింత కండతో విసరడం నేర్చుకున్నానన్నమాట. వెనక కాలి బొటనవేలి మొదలు నేలను తోస్తే, ఆ తోపు పిక్క, తొడ, పిరుదుల మీదుగా నడుములోకి వచ్చి, నడుము తిరిగి, భుజాన్ని ముందుకు విసిరి, చివరికి పిడికిలిలోకి చేరుతుంది. ఆ దారిలో బలహీనమైన చోటల్లా కొంత కారిపోతుంది. స్క్వాట్ (భుజాల మీద రాడ్డుతో కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును ఎత్తి నిలబడడం) లాంటివి బాక్సర్‌కు ఎందుకు కావాలో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. మన తాలీంలలో తరతరాలుగా కొట్టించిన వందల బస్కీలు కూడా ఈ కాళ్ల కోసమే. కాకపోతే ఒంటి బరువుతో రెండు వందల బస్కీలు కొట్టగలిగినవాడికి మూడు వందలవ బస్కీ ఓపికను పెంచుతుందే గాని బలాన్ని పెంచదు. బలం పెరగాలంటే బరువు పెరగాలి.

ఇంగ్లండ్ బాక్సర్లపై 2000లో వచ్చిన ఇంకొక కొలత ఉంది. వెనక చేతి పంచ్ బలం ఉన్నత స్థాయివారిలో సగటున 4,800 న్యూటన్లు, మధ్యస్థాయివారిలో 3,722, కొత్తవారిలో 2,381 వచ్చింది. 4,800 న్యూటన్లంటే రెప్పపాటు కాలం దాదాపు 490 కిలోల బరువు మోపినంత. ఈ తేడా అంతా బరువులెత్తడం వల్ల వచ్చిందని నేను అనను. అందులో పెద్ద భాగం ఏళ్ల తరబడి రుద్దిన నేర్పే. కానీ ఆ నేర్పును ఎంత పదును పెట్టినా, అది బయటికి తీసేది ఒంట్లో ఉన్న బలాన్నే.

బలం ఉంటే సరిపోదు, అది ఎంత త్వరగా బయటికి వస్తుందన్నది కూడా ముఖ్యమే. ఒక కండరం తన పూర్తి బలాన్ని చూపడానికి సెకనులో మూడో వంతు వరకూ పడుతుంది. పంచ్‌కు అంత వ్యవధి ఉండదు. అందుకే బరువును మెల్లగా ఈడ్చే అలవాటు ఒక్కటే ఉన్నవాడి బలం ప్రత్యర్థి తల పక్కకు జరిగిన తరువాత చేరుకుంటుంది. ఇంకొక విషయం, ఇది నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపిస్తుంది: మంచి పంచ్ విసిరేవాడి కండరాలు రెండుసార్లు బిగుసుకుంటాయి. పంచ్ మొదలైనప్పుడు ఒకసారి, తగిలే క్షణంలో ఇంకొకసారి. మధ్యలో ప్రయాణమంతా చేయి వదులుగా ఉంటుంది. ఆ వదులే వేగం. చివరి బిగింపులో పిడికిలి, మణికట్టు, భుజం, నడుము ఒక్క కర్రలా మారితేనే ఒంటి బరువు పంచ్ వెనక నిలుస్తుంది. మా ఉస్తాద్ “బిగుసుకపోతయ్” అన్న మాటలో నిజం ఇక్కడుంది. ప్రయాణం మధ్యలో బిగుసుకునే చేయి నిజంగానే నెమ్మదిస్తుంది. మండేదాకా కండరాన్ని బిగపట్టి పదిహేను సార్లు లేపే సాధన ఆ నిరంతరపు బిగింపునే నేర్పుతుంది. ఆయన రోగాన్ని సరిగ్గా పట్టుకున్నారు, మందు పేరు మాత్రం తప్పు రాశారు.

డంబెల్స్ పట్టుకుని గాలిలో పంచ్‌లు విసరడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మా షెడ్డుకు కొత్తగా వచ్చే ప్రతి కుర్రవాడూ ఇంటర్నెట్‌లో చూసి వచ్చి మొదట చేసేది అదే. బరువు ఎప్పుడూ నేలవైపే లాగుతుంది. పంచ్ ముందుకు వెళుతుంది. కాబట్టి చేతిలో ఉన్న రెండు కిలోల డంబెల్ పంచ్‌కు ఎదురు నిలవదు. అది చేతిని కిందికి గుంజుతూ ఉంటుంది, ఆ గుంజుడును ఆపడానికి భుజం ముందుభాగపు కండరం మాత్రం అలసిపోతుంది. పంచ్‌కు నిజంగా ఎదురుబలం కావాలంటే రబ్బరు బ్యాండును వెనక కట్టుకోవాలి, లేదా మెడిసిన్ బాల్ అనే బరువైన బంతిని గోడకేసి విసరాలి. డంబెల్‌తో ఇంకో ప్రమాదం కూడా ఉంది: చేయి చివర బరువు ఉన్నందువల్ల మోచేయి చివరిదాకా చాచుకోకముందే మెదడు చేతికి బ్రేకు వేస్తుంది, లేకపోతే మోచేతి కీలు దెబ్బతింటుంది. వారాల తరబడి బ్రేకు వేయడాన్ని సాధన చేసినవాడు రింగులో కూడా బ్రేకు వేస్తాడు. పేరున్న బాక్సర్లు కొందరు అలా చేసే మాట వాస్తవమే. వారి పంచ్ అప్పటికే స్థిరపడిపోయి ఉంటుంది గనుక వారికి చెల్లుతుంది. ఆరు నెలలుగా నేర్చుకుంటున్న కుర్రవాడికి చెల్లదు.

ఇక బరువులెత్తితే ఒళ్లు పెరిగి విభాగం దాటిపోతుందన్న భయం. దీనికి జవాబు వెతకడానికి తెలుగువాళ్లం దూరం వెళ్లక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆ క్రీడ కూడా బరువు విభాగాల క్రీడే. రోజూ ఇనుముతోనే బతికే వెయిట్‌లిఫ్టర్లు ఏళ్ల తరబడి ఒకే విభాగంలో ఉంటూ బలం పెంచుకుంటూ పోతారు. అది ఎలా సాధ్యమంటే, బలంలో గణనీయమైన భాగం కండ పరిమాణంలో కాక నరాలలో ఉంటుంది. ఎక్కువ బరువును తక్కువసార్లు, మధ్యలో చాలినంత విశ్రాంతితో ఎత్తినప్పుడు, ఉన్న కండరంలోనే మరిన్ని తంతువులను ఒక్కసారిగా పనిలోకి పిలవడం శరీరం నేర్చుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి కొన్ని వారాలలో వచ్చే బలం దాదాపు ఇలా వచ్చేదే. ఒళ్లు పెరగాలంటే ఎక్కువసార్లు ఎత్తాలి, దానికి తోడు దండిగా తినాలి. వారానికి ఆరు రోజులు పరిగెత్తి, తాడాడి, బ్యాగు కొట్టే పిల్లవాడికి పొరపాటున కండ పెరిగిపోవడమన్నది అంత తేలికగా జరిగే పని కాదు. నాకు 2003లో పెరిగిందంటే, నేను ఆ రెండు నెలలూ పరుగు మానేసి, రోజుకు ఎనిమిది గుడ్లు తిన్నాను. ఆ సంగతి ఉస్తాద్‌కు ఈ రోజుకీ చెప్పలేదు.

వృత్తి బాక్సింగ్‌లో ఈ భయాన్ని పోగొట్టినవారు ఎనభైలలోనే వచ్చారు. లైట్ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్న మైకేల్ స్పింక్స్ 1985 సెప్టెంబర్‌లో 175 పౌండ్ల నుంచి 200 పౌండ్లకు పెరిగి, హెవీవెయిట్ ఛాంపియన్ లారీ హోమ్స్‌ను ఓడించాడు; బరువులూ, దూరపు జాగింగ్‌కు బదులు పొట్టి పరుగులూ అన్న అతని సాధన పద్ధతిని చూసి అప్పటి పెద్దలు నవ్వారు. ఇవాండర్ హోలీఫీల్డ్ 1990లో బస్టర్ డగ్లస్‌ను మూడో రౌండులో పడగొట్టినప్పుడు 208 పౌండ్లు ఉన్నాడు, డగ్లస్ 246. హోలీఫీల్డ్‌తో పనిచేసినవారిలో దేహ సౌష్ఠవ పోటీ మిస్టర్ ఒలింపియాను ఎనిమిదిసార్లు గెలిచిన లీ హేనీ ఒకడు. అయితే ఈ కథకు రెండో పక్క కూడా ఉంది. రాయ్ జోన్స్ 2003 మార్చిలో 193 పౌండ్లకు పెరిగి హెవీవెయిట్ జాన్ రూయిజ్‌ను ఓడించి, అదే ఏడాది నవంబరుకల్లా తిరిగి 175కు దిగాడు. ఆంటోనియో టార్వర్‌పై అతికష్టం మీద గెలిచాడు, 2004 మే నెలలో అదే టార్వర్ చేతిలో రెండో రౌండులో పడిపోయాడు. వయసు అప్పటికే 35 గనుక నింద మొత్తం బరువు మీదే వేయను. కానీ పెంచిన కండను కరిగించడం గోడ కట్టి కూల్చడంలా ఉండదని, కూల్చేటప్పుడు ఇంటిగోడలు కూడా కొన్ని పోతాయని నాకు అనిపిస్తుంది. మన పిల్లలకు స్పింక్స్, హోలీఫీల్డ్ ఆదర్శం కానక్కర్లేదు. వాళ్లు పై విభాగానికి ఎక్కడానికి పెరిగారు. మనవాళ్లు ఉన్న విభాగంలోనే బలపడాలి. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, పారిస్ ఒలింపిక్స్‌లో ఉన్న విభాగం 50 కిలోలది కాబట్టి కిందికి దిగి, 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్ గెలిచింది. అలాంటి బాక్సర్‌కు ఒక్కో అరకిలో కండ కూడా తాను ఎందుకున్నదో జవాబు చెప్పుకోవాలి.

అసలు చిక్కు దమ్ము దగ్గర వస్తుంది. కండిషనింగ్ అనే మాట మన జిమ్‌లలో ఒక పెద్ద సంచి. బలం, ఓపిక, చెమట, నొప్పి అన్నీ అందులో వేసేస్తారు. నేను ఆడిన రోజుల్లో అమెచ్యూర్ బౌట్ రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు. 2009 నుంచి పురుషులకు మూడేసి నిమిషాల మూడు రౌండ్లు అయ్యాయి. మొత్తం మీద ఒక్క నిమిషమే పెరిగినట్టు కనిపిస్తుంది గాని, విరామం లేకుండా మూడో నిమిషం కూడా చేతులు పైకే ఉంచడం ఎంత వేరో రింగులో నిలబడినవారికి తెలుసు. ఆ మూడో నిమిషంలో కావలసిన శక్తి ఎక్కడిది? 2014లో వచ్చిన ఒక పరిశోధన, రెండేసి నిమిషాల మూడు రౌండ్ల తేలికపాటి అమెచ్యూర్ బౌట్‌లో వాడిన శక్తిలో దాదాపు 77 శాతం ఆక్సిజన్‌తో నడిచే మార్గం నుంచి, 19 శాతం కండరంలో సిద్ధంగా ఉన్న క్షణిక నిల్వ నుంచి, 4 శాతం మాత్రమే ఆక్సిజన్ లేకుండా చక్కెరను విరిచే లాక్టిక్ మార్గం నుంచి వచ్చిందని తేల్చింది. పంచ్ పేలేది ఆ క్షణిక నిల్వతో; పంచ్‌కూ పంచ్‌కూ నడుమ ఆ నిల్వను నింపేది గుండె, ఊపిరితిత్తులు. గుండెను అలా తయారుచేసే పని పరుగుకు, తాడుకు, బ్యాగుకు, జోడీతో చేసే సాధన పోరు అయిన స్పారింగ్‌కు తెలుసు. తేలికపాటి బార్‌బెల్‌ను నలభై సార్లు ఎత్తితే ఆయాసం వస్తుంది, నిజమే, కానీ ఆయాసం వచ్చిందంటే దమ్ము పెరుగుతోందని కాదు. ఎర్రటి ఎండలో బస్సు కోసం పరిగెత్తినా ఆయాసం వస్తుంది.

రెండింటినీ కలిపితే ఏమవుతుందో 1980లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు చూపించాడు. పది వారాల పాటు ఒక జట్టు బలానికి, ఒక జట్టు ఓపికకు, ఇంకొక జట్టు రెండింటికీ కలిపి సాధన చేశాయి. రెండూ చేసిన జట్టుకు ఓపిక బాగానే పెరిగింది గాని, బలం మాత్రం ఏడో వారం దాకా పెరిగి, అక్కడ ఆగి, చివరి రెండు వారాల్లో దిగజారింది. ఆ జట్టు వారంలో దాదాపు ప్రతిరోజూ రెండు పనులూ చేసింది కాబట్టి ఆ ఫలితాన్ని భూతంలా చూడకూడదు. తరువాత వచ్చిన పరిశోధనల్లో, సాధన మోతాదులో ఉండి రెండు పనులకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంటే నష్టం చాలా తగ్గింది. కానీ దెబ్బ పడేదంటూ ఉంటే అది ముందుగా విస్ఫోటక బలం మీదే పడుతుంది, అంటే సరిగ్గా పంచ్‌కు కావలసినదాని మీదే. ఈ కారణంగానే రాడ్డు, పరుగు, తాడు, పుషప్‌లు అన్నీ వరుసబెట్టి ఊపిరాడకుండా చేయించే సర్క్యూట్‌లను నేను నా పిల్లలతో చేయించను. అలసిన కాళ్లతో ఎత్తిన బరువు తక్కువ బరువే అవుతుంది, వంగిన నడుముతో ఎత్తిన బరువు గాయం అవుతుంది, రెండు రోజులు కాళ్లు పట్టేసిన పిల్లవాడు స్పారింగ్‌లో దెబ్బలు తింటాడు.

బలానికి ఇప్పుడు విలువ పెరగడానికి ఇంకో కారణం నియమాల్లోనే ఉంది. మా కాలంలో కంప్యూటర్ స్కోరింగ్ ఉండేది. ఐదుగురు న్యాయనిర్ణేతలలో ముగ్గురు ఒక సెకను వ్యవధిలో మీట నొక్కితే ఒక పాయింటు. మెల్లగా తాకిన జాబ్‌కూ, తల వెనక్కి వాలేలా పడిన స్ట్రెయిట్‌కూ విలువ ఒక్కటే. 2013 నుంచి రౌండు గెలిచినవారికి పది పాయింట్లనే పద్ధతి వచ్చింది, పురుషుల ఉన్నత స్థాయి పోటీల్లో తలకవచమూ తీసేశారు. శుభ్రంగా, గట్టిగా పడిన పంచ్‌ను ఇప్పుడు న్యాయనిర్ణేత చూస్తాడు. మా ఉస్తాద్ పద్ధతి ఆయన కాలపు నియమాలకు పూర్తిగా సరిపోయిందని, కాలంతోపాటు నియమం మారిందని అనడం న్యాయం.

మరి నేను ఏం చేయిస్తాను? వారానికి రెండు రోజులు, ఒక్కొక్కటి 45 నిమిషాలు మించకుండా. స్క్వాట్ లేదా డెడ్‌లిఫ్ట్‌లో ఒకటి, మూడు నుంచి ఐదు సార్లు చొప్పున మూడు నాలుగు సెట్లు, సెట్టుకూ సెట్టుకూ మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతి. ఆ విశ్రాంతిలో పిల్లలకు చాలా విసుగు. కదలకుండా కూర్చోవడమే వాళ్లకు అన్నిటికంటే కష్టమైన వ్యాయామం. దాని తరువాత పుల్అప్‌లు, వంగి బార్‌ను పొట్టవైపు లాగడం, ఒంటికాలి మీద చేసే పనులు, చివర్లో నాలుగు కిలోల మెడిసిన్ బాల్‌ను నడుము తిప్పి గోడకేసి పూర్తి వేగంతో విసరడం. మెడిసిన్ బాల్ కొనలేని రోజుల్లో పాత ఫుట్‌బాల్‌లో ఇసుక నింపి కుట్టించాం, మోజంజాహీ మార్కెట్ దగ్గర ఒక చెప్పులు కుట్టే పెద్దాయన చేసిచ్చాడు, అది ఇప్పటికీ చిరగలేదు. స్పారింగ్ ఉన్న రోజు బరువులు లేవు. ఒకే రోజు రెండూ తప్పకపోతే బాక్సింగ్ పొద్దున, బరువులు సాయంత్రం. పోటీకి పది రోజుల ముందు సెట్లు సగానికి తగ్గిపోతాయి, చివరి నాలుగైదు రోజులు రాడ్డు ముట్టం. వచ్చిన బలం అంత త్వరగా ఎక్కడికీ పోదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఖాళీ కర్రతో కదలిక నేర్చుకుంటారు. బరువులెత్తితే పొడుగు పెరగరన్న మాట తల్లులు ఇప్పటికీ అడుగుతారు. సరైన పర్యవేక్షణలో చేసే సాధన ఎదుగుదలను ఆపదు. ప్రోటీన్ పొడి డబ్బా కొనాలా అని తండ్రులు అడుగుతారు. అలాంటి పొడులు వద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే 2024 మార్గదర్శకాల్లో చెప్పింది, ఆ డబ్బుతో గుడ్లూ పప్పూ కొనమంటాను.

లాగే వ్యాయామాలు నెట్టే వ్యాయామాల కంటే ఎక్కువ ఉండాలన్నది నా పట్టుదల. బాక్సర్ రోజుకు వందలసార్లు చేతిని ముందుకు విసురుతాడు. భుజాలు ముందుకు వంగిపోతాయి. విసిరిన చేతిని ఆపి వెనక్కి తెచ్చే వెనకభాగపు చిన్న కండరాలు ఆ భారమంతా మోస్తాయి. దాని మీద మళ్లీ బెంచ్ ప్రెస్ పెడితే ఏమవుతుందో నా కుడి భుజం చెబుతుంది. నిఖత్ లాంటి క్రీడాకారిణి కూడా 2017లో భుజం గాయంతో శస్త్రచికిత్స చేయించుకుని చాలా కాలం రింగుకు దూరమైంది. ఆ గాయానికీ సాధనకూ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈ క్రీడలో భుజం ఎంత విలువైనదో చెప్పడానికి తలచుకున్నాను. మెడ సంగతి కూడా అంతే. అమెరికా పాఠశాలల్లో సాకర్, బాస్కెట్‌బాల్, లాక్రోస్ ఆడే పిల్లలపై 2014లో వచ్చిన అధ్యయనంలో మెడ బలం ఒక్కో పౌండు పెరిగేకొద్దీ తలకు అదురు దెబ్బ తగిలే అవకాశం 5 శాతం చొప్పున తగ్గింది. బాక్సింగ్ వేరు, చూడని పంచ్‌కు మెడ సిద్ధపడలేదు, అయినా వారానికి పది నిమిషాలు మెడకు ఇవ్వడానికి ఆ ఆధారం నాకు చాలు.

బరువు పెరుగుతుందని రాడ్డు ముట్టని కుర్రవాళ్లే, పోటీ ముందు రోజు ప్లాస్టిక్ రెయిన్‌కోటు తొడుక్కుని ఏప్రిల్ ఎండలో నెక్లెస్ రోడ్డు మీద పరిగెత్తడం చూస్తే నాకు కోపం ఆగదు. అలా పోయేది కొవ్వు కాదు, నీళ్లు. ఆ నీళ్లతో పాటే రక్తం పరిమాణం, దమ్ము, మెదడు చుట్టూ ఉండే రక్షణ కూడా తగ్గుతాయి. 2024 పారిస్‌లో వినేశ్ ఫొగాట్ 50 కిలోల కుస్తీ ఫైనల్‌కు ముందు 100 గ్రాముల తేడాతో అనర్హురాలైనప్పుడు దేశమంతా ఏడ్చింది. మా షెడ్డులో మరుసటి రోజు నుంచి ప్రతివాడూ వారానికి రెండుసార్లు కాటా ఎక్కి పుస్తకంలో రాసుకునే నియమం పెట్టాం.

ఇంతా చెప్పాక, రాడ్డు ముట్టకుండానే ఛాంపియన్లయినవారు ఎందరో ఉన్నారు కదా అని అడిగేవారికి నేను అడ్డు చెప్పను. ఉన్నారు. వాళ్లలో చాలామంది రాళ్లు మోశారు, కట్టెలు కొట్టారు, మూటలెత్తారు. బలం వాళ్లకు జీవితమే ఇచ్చింది. మా దగ్గరకు వచ్చే వాళ్లలో కూడా పొద్దంతా బేగంబజార్‌లో గోతాలు దించే కుర్రవాడొకడున్నాడు, అతనితో నేను డెడ్‌లిఫ్ట్ చేయించను, అతనికి కావలసింది నిద్ర. కంప్యూటర్ ముందు కూర్చుని చదివే పిల్లల లెక్క వేరు. వారానికి నాలుగు గంటలే దొరికే పిల్లవాడికైతే ఒక్క రోజు, అరగంట బరువులు చాలు; మిగిలిన సమయమంతా రింగుదే. నేర్పు లేని బలాన్ని ఓడించడం రింగులో చాలా తేలిక అన్నది నేను 64 కిలోల విభాగంలో స్వయంగా నేర్చుకున్న పాఠం.

పోయిన నెల ఉస్తాద్‌ను ఆయన కొడుకు స్కూటర్ మీద మా షెడ్డుకు తీసుకొచ్చాడు. ఆయనకు డెబ్బై దాటాయి. 54 కిలోల అమ్మాయి ఒకతె 80 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తోంది. ఆయన ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుని, ఆమె మడమల నుంచి మెడ దాకా చూశారు. మూడుసార్లు ఎత్తి ఆమె రాడ్డు దించగానే, “గంతేనా? ఇర్వై కొట్టించు” అన్నారు. “మూడు చాలు ఉస్తాద్, ఇరవై కొడితే అది బలం కాదు, ఆయాసం” అన్నాను. “ఆయాసం రాని కసరత్ కసరతేందిరా” అన్నారు. వద్దన్న మనిషి ఇప్పుడు ఎక్కువ కావాలంటున్నారని నాకు నవ్వొచ్చింది, కానీ ఇరవైకి ఎందుకు ఒప్పుకోకూడదో మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. మెడ గురించి ఇంకో వాదన లేచింది. నేల మీద తల ఆనించి ఒళ్లంతా వంతెనలా లేపే పాత పద్ధతే మేలని ఆయన, వెన్నుపూసలకు అది మంచిది కాదు, బ్యాండు చాలని నేను. మా ఇద్దరి మాటా తేలేలా లేదని ఆ అమ్మాయికి అర్థమైనట్టుంది. మూడు నిమిషాలు పూర్తయ్యాయని గోడ గడియారం వైపు చూపించి, చేతులకు సుద్దపొడి రాసుకుని మళ్లీ రాడ్డు దగ్గరికి వెళ్లింది.